పైకి ఇరవై, కిందికి నలభై

డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె లేటక్కే. క్యాంటీన్‌లో టీ పోసే మనిషి దగ్గర నుంచి గేటు దగ్గర రిజిస్టరు రాసే గుమాస్తా దాకా "లేటక్క వచ్చిందిరోయ్" అనేవాళ్ళే. ఎవరి మనసులోనూ విషం లేదు. కానీ నవ్వుతూ గుచ్చినా ముల్లు ముల్లే కదా! ఆమె పైకి తానూ నవ్వేసేది, లోపల మాత్రం నొచ్చుకునేది.

ఏడో నంబరు బస్సు ఆమెది. డిపోలో బయల్దేరి కొండమీది ఆసుపత్రి దాకా ఎక్కాలి, మళ్ళీ అదే దారిన దిగి రావాలి. ఎక్కడం పన్నెండు కిలోమీటర్లు, దిగడం పన్నెండు. ఈ పోవడం రావడం కలిపి ఒక చుట్టు. పొద్దున ఎనిమిదింటి నుంచి వరసగా నాలుగు చుట్లు, ఒక గంట భోజనం, తర్వాత ఇంకో నాలుగు. చుట్టుకు నలభై ఎనిమిది నిమిషాలని డ్యూటీ కాగితంలో రాసి ఉంటుంది. ఆమె తలకిందులుగా తపస్సు చేసినా సరే, మొదటి చుట్టుకు ఆరు నిమిషాలు లేటయ్యేది. రెండోదానికి పన్నెండు, మూడోదానికి పద్దెనిమిది, నాలుగోది ముగించి డిపో గేటు దాటేసరికి ఇరవై నాలుగు. ఒకరోజు ఓ నిమిషం ఎక్కువ, ఒకరోజు ఓ నిమిషం తక్కువ, అంతే తేడా. ఆ ఇరవై నాలుగు నిమిషాలూ భోజనంలోంచి కోసుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగి మళ్ళీ సీటెక్కేది. సాయంత్రానికి మళ్ళీ ఇరవై నాలుగు.

కొత్తగా చేరినవాళ్ళకు అంటగట్టే రూటు అది. ఆమెకు ముందు నడిపినాయన ఆర్నెల్లు తిరక్కుండానే దండం పెట్టి వేరే రూటుకు మార్పించుకున్నాడు. మార్పించుకోవడానికి ఆమెకు అభిమానం అడ్డొచ్చింది. ఆ స్టీరింగు కోసం మూడేళ్ళు తిరిగింది మరి. ఆడమనిషికి కొండ రూటేమిటన్న వాళ్ళ నోళ్ళు మూయించి ఎక్కిన సీటు అది. లోపం రూటులో ఉందని చెప్తే నమ్మేవాళ్ళెవరు? చివరికి ఆమె కూడా నమ్మలేదు. నాకే చేతకావడం లేదు, నేనే మెల్లగా నడుపుతున్నాను అనుకుంది. ఏడాదిపాటు రోజూ అదే అనుకుంది.

ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. లేటయిన డ్రైవరుకు నెలకో మెమో ఇస్తారు. మెమోలు పన్నెండయితే శనివారం పొద్దున పరీక్ష పెడతారు. వేగం, దూరం, కాలం మీద ఐదు లెక్కలుంటాయి. ఐదుకు ఐదూ ఒప్పయితే మళ్ళీ బస్సు ఇస్తారు. ఒక్కటి తప్పినా సీటు దిగి, షెడ్డులో బస్సులు కడిగే పనికి పోవాలి. లెక్కలొస్తే బస్సు టైముకు నడుస్తుందని ఎవరు కనిపెట్టారో గానీ, వంటల పుస్తకం బట్టీపడితే అన్నం మాడదన్నట్టుగా ఉంది వరస. పన్నెండో మెమో చేతిలో పడ్డరోజు ఆమెకు పది రోజుల గడువిచ్చారు.

ఇంటికొచ్చి మెమో వంటింటి బల్లమీద పెట్టింది. భర్త ప్లంబరు. చేతులు తుడుచుకుని దాన్ని చదివి, "తొట్టికి రెండు పైపులు పెడితే ఎంతసేపట్లో నిండుతుందీ అనే లెక్కలైతే నేను చెప్పేవాణ్ణి. బస్సులంటే మా నాన్నే. కానీ ముందే చెప్తున్నా, ఆయన చేతిలో స్కేలు ఉంటుంది" అన్నాడు.

మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆరేళ్ళుగా ఒక్క లెక్క అడిగినవాళ్ళు లేక, పొద్దున్నే పేపర్లో రైళ్ళ వేళలు చూసి ఏది ఎంతసేపు నడుస్తుందో తీసివేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. కోడలికి లెక్కలు కావాలని తెలిసేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. సానుభూతి చూపించాలన్న సంగతి కూడా మర్చిపోయాడు. వంటింటి తలుపు వెనకవైపు నల్లరంగు వేయించి ఉంది. దానిమీద వేలాడే సంచులన్నీ తీసి అవతల పారేసి, సుద్దముక్క కోసం ఇల్లంతా గాలించాడు.

"ఒక బస్సు గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు పోయింది. ఎంత దూరం పోయింది?"

"ఎంతమంది నిలబడి ఉన్నారు మావయ్యా?"

"లెక్కలో బస్సుకి జనం ఉండరమ్మా."

"జనాన్ని ఎక్కించుకోకుండా రెండు గంటలు తిప్పితే ఇంకో మెమో ఇస్తారు మావయ్యా."

నలభై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి విద్యార్థి తగల్లేదాయనకు. దారిలో పెట్రోలు బంకు ఉందా, మలుపులెన్ని, వానా ఎండా అని ప్రతి లెక్కకూ ఆమె అడ్డుపుల్ల వేస్తూనే ఉంది. రెండో రోజు సాయంత్రానికి ఆయనే ఒక మెట్టు దిగాడు. "సరే తల్లీ. జనాన్ని ఎక్కిద్దాం, ఆగాల్సినచోటల్లా ఆపుదాం. ఆగిన టైమంతా కలుపుకునే ఈ వేగం. ఇప్పుడు చెప్తావా?" అన్నాడు. ఆ మాట అన్నాక ఆమె గబగబా చెప్పేసింది. అక్కడి నుంచి రైళ్ళు ఎదురెదురుగా వచ్చినా, దొంగ ముందు పరుగెత్తి పోలీసు వెనక తరిమినా ఆమె తడబడలేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర కొడుకుతో "నీకంటే నయంరా" అన్నాడు మాస్టారు. ప్లంబరు తల దించుకుని తిన్నాడు.

ఆరో రోజు సాయంత్రం ఆయన ఇంకో లెక్క రాశాడు. "పోయేటప్పుడు గంటకి ఇరవై, వచ్చేటప్పుడు గంటకి నలభై. మొత్తం మీద సగటు వేగం ఎంత?"

"ముప్ఫై" అంది ఆమె, బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండానే.

స్కేలు బల్లమీద ఠప్పున పడింది. "పడ్డావు! ఈ గుంటలో పడని క్లాసుని నా జన్మలో చూళ్ళేదు. నీ రూటే తీసుకో. పన్నెండు కిలోమీటర్లు ఎక్కాలి, గంటకి ఇరవై. ఎంతసేపు?"

"కిలోమీటరుకి మూడు నిమిషాలు. ముప్ఫై ఆరు."

"దిగడం నలభై."

"కిలోమీటరుకి నిమిషంన్నర. పద్దెనిమిది. మొత్తం యాభై నాలుగు."

"మరి నువ్వు చెప్పిన ముప్ఫై ప్రకారం పోతే ఇరవై నాలుగు కిలోమీటర్లకీ ఎంత పట్టాలి?"

"కిలోమీటరుకి రెండు నిమిషాలు. నలభై..." ఆమె నోరు అక్కడే ఆగిపోయింది.

మాస్టారు తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. "చూశావా? దూరాలు సమానమే గానీ కాలాలు సమానం కావు. ముప్ఫై ఆరు నిమిషాలు మెల్లగా పోతున్నావు, పద్దెనిమిదంటే పద్దెనిమిదే నిమిషాలు జోరుగా పోతున్నావు. రెండింటికీ సమానంగా వాటా పంచితే ఎట్లా? సమంగా ఉండే రోడ్డుమీదైతే పోయే వేగం, వచ్చే వేగం ఒకటే కాబట్టి తేడా కనపడదు. కొండ దగ్గరే ఈ తప్పు బయటపడుతుంది. అమ్మాయ్, ఎక్కడికి?"

ఆమె చేట పక్కన పెట్టి తన సంచీ దగ్గరికి పరుగెత్తింది. డ్యూటీ కాగితం తెచ్చి దీపం కింద పరిచింది. పై మూలన చీమ తలకాయలంత అక్షరాల్లో, ఏడాదిగా చేతిలో పట్టుకుని తిరుగుతూ ఒక్కసారీ చదవని వాక్యం ఉంది. ఎక్కడం 20, దిగడం 40, సగటు 30, చుట్టుకు 48 నిమిషాలు. కింద టైమ్‌టేబుల్ సారు సంతకం. డిపోలో బస్సుల వేళలు రాసేదీ, మెమోలిచ్చేదీ, ఈ పరీక్ష పెట్టేదీ ఆయనే.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. స్కేలు మెల్లగా బల్లమీద పెట్టేశాడు. కోడలు తలుపుమీది యాభై నాలుగును చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం జలజలా కారాయి. "ఆరు నిమిషాలు మావయ్యా! నేను కాదు మావయ్యా!" అంది. ఆయన ఏం చేయాలో తోచక సుద్దపొడి చేత్తోనే ఆమె తల నిమిరాడు.

కథ ఇక్కడితో కంచికి పోతే బాగుండును. కానీ పరీక్షకు రెండు రోజుల ముందు సీనియరు డ్రైవరొకాయన, ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి, క్యాంటీన్‌లో పక్కకు పిలిచి చెవిలో ఊదాడు. "ఐదో లెక్క ఏటా ఒకటే ఇస్తాడమ్మా. పైకి ఇరవై, కిందికి నలభై, సగటెంత అని. ముప్ఫై అని రాసెయ్. నేనూ అదే రాసి బతికిపోయా. ఇంకేం ఆలోచించకు."

తప్పు రాస్తే సీటు నిలుస్తుంది, ఒప్పు రాస్తే షెడ్డుకు పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సాయంత్రం మామగారిని అడిగింది.

"మాస్టారుగా అయితే ఒక్క క్షణంలో చెప్తానమ్మా. మావయ్యగా నాకు నోరు రావట్లేదు. సీటు నీది, నువ్వే చూసుకో" అన్నాడు.

శనివారం ఏడింటికి పరీక్ష. ఒక బల్ల, ఒక కుర్చీ, ఎదురుగా టైమ్‌టేబుల్ సారు. చేతికో గడియారం, జేబులో ఇంకోటి, గోడకు మూడోది. మూడూ ఒకే నిమిషం చూపిస్తుంటాయని ఆయనకు గొప్ప. చెడ్డవాడేం కాదు. మెమో ఇచ్చేటప్పుడు కూడా "కాస్త చూసుకో అమ్మా" అనే ఇచ్చేవాడు. నాలుగు లెక్కలు ఆమె పది నిమిషాల్లో చేసేసింది. ఐదోది బాబాయ్ చెప్పినదే, పొల్లు పోకుండా.

ఆమె ముప్ఫై అని రాసింది.

రాసి పెన్ను మూత పెట్టబోయి ఆగింది. సీటు ఉంటుంది. సోమవారం మళ్ళీ ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. మళ్ళీ లేటక్క. తర్వాత ఆ బస్సెక్కే ఇంకో పిచ్చిది కూడా నాకే చేతకావడం లేదని ఏడాదిపాటు ఏడుస్తుంది. ఆమెకు ఒళ్ళు మండింది. ముప్ఫైని అడ్డంగా కొట్టేసి, పక్కన ఇరవై ఆరుమీద మూడింట రెండు అని, కాగితం చిరిగేంత గట్టిగా రాసింది.

సారు ఎర్రపెన్నుతో నాలుగు టిక్కులు పెట్టి, ఐదోదాని దగ్గర ఆగి నిట్టూర్చాడు. "ఒప్పు కొట్టేసి తప్పు రాశావేంటమ్మా? ఇంత సులువైంది."

"తప్పు కాదు సార్."

"పోయే వేగం, వచ్చే వేగం కూడి రెండుతో భాగించాలి. పదహారేళ్ళుగా నేను చేస్తున్నదదే. మా పెద్ద సారు నాకు నేర్పిందదే."

"ఇంకో అరగంటలో నా మొదటి చుట్టు ఉంది సార్. నాతో రండి. గడియారం మీదే, లెక్కా మీదే. నా మాట తప్పయితే అటు నుంచి అటే షెడ్డుకి పోయి చీపురు పట్టుకుంటా."

గడియారం మాటెత్తేసరికి ఆయనకు పౌరుషం వచ్చింది. పదహారేళ్ళుగా బస్సుల వేళలు రాస్తున్నాడు గానీ, పాపం ఆ పదహారేళ్ళుగా ఆఫీసుకు స్కూటరు మీదే వస్తున్నాడు. డ్రైవరు పక్కన పొడుగ్గా ఉండే సీట్లో, ఒళ్ళో కాగితం, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఎనిమిదింటికి బస్సు కదిలింది.

ఆమె రోజులాగే నడిపింది. ఆగాల్సినచోటల్లా ఆగింది. కర్ర పట్టుకున్న ముసలాయన ఎక్కేదాకా ఆగింది, బడి పిల్లల సంచులు తలుపులో ఇరుక్కుంటే విడిపించింది. ఏటవాలు మలుపులో రెండో గేరు వేస్తే సారు "మూడో గేరులో పోవచ్చుగా?" అన్నాడు. "మీరు రాసివ్వండి సార్, వేస్తా" అంది ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. సారు మళ్ళీ గేర్ల జోలికి పోలేదు. ఆసుపత్రి ముందు బస్సాగింది. ఆయన గడియారం చూసి, జేబులోది కూడా తీసి చూశాడు. ఎనిమిదీ ముప్ఫై ఆరు.

"కాగితంలో ఎనిమిదీ ఇరవై నాలుగుకి చేరాలని ఉందమ్మా."

"ఎక్కడానికి వేగం మీరెంత రాశారు సార్?"

"ఇరవై."

"పన్నెండు కిలోమీటర్లు ఇరవైతో ఎక్కితే ఎంతసేపు?"

సారు నోటితో చెప్పబోయి మానేసి, ఆమె పరీక్ష కాగితం వెనకవైపు పెన్నుతో గుణించాడు. ముప్ఫై ఆరు వచ్చింది. ఇంకోసారి చేసినా అదే వచ్చింది.

"ఇప్పుడు మీ నలభై ఎనిమిదిలో మిగిలింది పన్నెండు నిమిషాలు. దిగాల్సింది పన్నెండు కిలోమీటర్లు. నిమిషానికో కిలోమీటరు, అంటే గంటకి అరవై. ఈ మలుపుల్లో, ఇంతమందిని పెట్టుకుని. మీ కాగితం ప్రకారం టైముకి దించేస్తా సార్, కాస్త ఆ కడ్డీ గట్టిగా పట్టుకోండి" అంటూ ఆమె ఇంజను రేపింది.

సారు రెండు చేతులతో కడ్డీ పట్టేసుకున్నాడు. గడియారం ఒళ్ళోంచి జారి కింద పడింది. "వద్దమ్మా, వద్దు తల్లీ! నలభైలోనే పోనీ! ఇంట్లో పిల్లలున్నారు!"

వెనక సీట్లలో గొల్లున నవ్వారు. ఆమె నలభైలోనే దించింది. డిపో గేటు దాటేసరికి ఎనిమిదీ యాభై నాలుగు. సారు బస్సు దిగలేదు. ఇరవై నాలుగు కిలోమీటర్లను యాభై నాలుగు నిమిషాలతో భాగించుకుంటూ కూర్చున్నాడు. మూడుసార్లు భాగించినా గంటకి ఇరవై ఆరుమీద మూడింట రెండే వచ్చింది. చివరికి జేబులోంచి ఎర్రపెన్ను తీసి ఐదో లెక్కకు టిక్కు పెట్టాడు.

"పన్నెండు మెమోలమ్మా. పన్నెండూ నా సంతకంతోనే ఇచ్చాను. ఒక్కరోజు బస్సెక్కి చూసుంటే పోయేది. నన్ను క్షమించు" అన్నాడు, తలెత్తకుండా.

ఇన్నాళ్ళూ ఈ మనిషి ఎదురుపడితే కడిగి పారేయాలని ఎన్ని మాటలు కూడబెట్టుకుందో! ఒక్కటీ నోటికి రాలేదు. "దిగండి సార్, రెండో చుట్టుకి లేటవుతుంది" అంది.

సోమవారం కొత్త కాగితం వచ్చింది. చుట్టుకు యాభై నాలుగు నిమిషాలు. మధ్యాహ్నం నాలుగు చుట్లు మూడయ్యాయి, భోజనానికి నిండుగా గంట మిగిలింది. ఆమె కొత్త చీర కట్టుకున్నంత సంబరంగా సీటెక్కింది. మొదటి చుట్టు టైముకు వచ్చింది. రెండోదీ, మూడోదీ టైముకే వచ్చాయి. నాలుగో చుట్టులో ఆసుపత్రి ముందు బస్సు ఆపేసరికి పదకొండూ పద్దెనిమిది. కొత్త కాగితంలో ఉన్నదీ అదే. సంతోషం ఎవరితోనైనా పంచుకోకపోతే గుండె పగిలిపోయేలా ఉంది. అప్పుడే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పెద్దావిడ, పని ముగించుకుని రోజూ ఇదే బస్సులో ఇంటికి పోయే మనిషి, మెల్లగా మెట్లెక్కి ముందు సీట్లో కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ గోడ గడియారం చూడు. ఇవాళ నేను సరిగ్గా టైముకొచ్చాను!"

పెద్దావిడ కిటికీలోంచి గడియారం చూసింది, ఆమెను చూసింది. ఏమీ అర్థం కానట్టు ముఖం పెట్టింది.

"రోజూ ఈ టైముకే కదే అమ్మాయ్ వస్తావు! పదకొండింటికి నేను పని దిగి, చేతులు కడుక్కుని, నాలుగడుగులు వేసి వచ్చేసరికి నీ బస్సు ఉంటుంది. ఏడాదిగా చూస్తున్నా, నువ్వు లేటుగా వచ్చింది ఎప్పుడే?"